నలభై ఒక్క ఇళ్లకు ఒక్క ఫోన్ నంబరు

ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ, "మేడమ్, ముప్పై మూడేళ్ల సర్వీసులో మీకు అన్నిటికన్నా కష్టమనిపించిన పని ఏది?" అని అడిగారు. క్లెయిము కుదరదని చెప్పడం అంటాననుకున్నారేమో. "ఫారంలో ఒక గడిలో టిక్కు పెట్టడం" అన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని నవ్వారు. పెద్దావిడకు చాదస్తం మొదలైందనుకుని ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను, వాళ్ల తర్వాత వచ్చేవాళ్ల కోసం కూడా.

నా పేరు సుగుణ. బీమా కంపెనీలో గుమస్తాగా చేరి, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోని రాబర్ట్‌సన్‌పేట బ్రాంచి ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో, ఏ రిజిస్టరు ఎలా నింపాలో ఇక్కడ చెప్పను. అవన్నీ మీకు ట్రైనింగులో చెబుతారు. అక్కడ చెప్పనిది ఒకటి ఉంది. నేను చేసిన ఒక పని వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అది ఎలా వచ్చిందో చెబుతాను.

ఆ గడి

ఆరోగ్య బీమా తీసుకునేవాళ్లు నింపే ఫారంలో చివరి పేజీలో ఆ గడి ఉంటుంది. పాలసీ కాగితాలు, రెన్యువల్ నోటీసులు, మిగతా ఉత్తరాలన్నీ పోస్టులో కాకుండా ఫోన్‌కో ఈమెయిల్‌కో పంపితే చాలునని ఒప్పుకోవడం దాని అర్థం. వద్దనుకునేవాళ్లకు పక్కనే ఇంకో గడి ఉంటుంది.

రూలు మంచిదే, వంక పెట్టడానికి నాకేమీ కనబడలేదు. మా సర్క్యులర్లో ఉన్నదాన్ని ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెబితే ఇంతే. పాలసీదారును విడిగా, స్పష్టంగా అడగాలి. వాళ్లు తెలిసి ఒప్పుకోవాలి. ఇచ్చే నంబరు వాళ్లదే అయి ఉండాలి. ఒప్పుకున్నాక మనసు మారితే ఎప్పుడైనా వద్దనవచ్చు. కాగితం కావాలని అడిగితే విసుక్కోకుండా కాగితమే ఇవ్వాలి. విసుక్కోకుండా అన్న ముక్క సర్క్యులర్లో లేదు, నేను చేర్చాను.

చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. నేను ఎన్నోసార్లు చదివాను, మా ఏజెంట్లను కూర్చోబెట్టి చదివి వినిపించాను కూడా. తెలియక చేశానని ఎవరూ నన్ను వెనకేసుకు రావద్దని ఈ సంగతి ముందే చెబుతున్నాను.

దొరై సారు

నా మొదటి మేనేజరు దొరై సారు. గని కాలనీలో పుట్టి పెరిగిన తమిళాయన. మాతో మాత్రం తెలుగులోనే మాట్లాడేవారు. అప్పట్లో అచ్చయిన పాలసీలను పోస్టులో పంపేవాళ్లం. ఊళ్లవైపు పాలసీలను మాత్రం ఆయన పోస్టులో వేయనిచ్చేవారు కాదు. మనిషిని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, మొదటి పేజీ చదివి, "ఏం అర్థమయినాది, నువ్వు చెప్పు చూద్దాం" అనేవారు.

ఒకసారి బూదికోట నుంచి ఒక మామిడితోట రైతు వచ్చాడు.

"ఆస్పత్రికి పోతే మీరు కడతారు. ఇంతే గదా సామీ" అన్నాడు.

"యా జబ్బుకైనా మొదటి దినం నుంచే కడతామా?"

"కట్టరా?" అని రైతు కళ్లు ఇంతలు చేశాడు.

దొరై సారు మళ్లీ మొదటి లైను నుంచి అందుకున్నారు. పాత జబ్బులకు కొన్నేళ్లు ఆగాలనీ, మధ్యలో ఒక్కసారి రెన్యువల్ తప్పితే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుందనీ ఆ రైతు తన నోటితో అప్పజెప్పేదాకా వదల్లేదు. ఆ రోజు నేను భోజనానికి లేచేసరికి మూడయింది. లోపల బాగా తిట్టుకున్నాను.

"చేతికి చేరితే చాలదు సుగుణా, చెవికి చేరాల. చేరిందా లేదా అని వాళ్ల నోరే చెప్పాల" అనేవారు ఆయన. చాదస్తం అనుకున్నాను. ఇప్పుడు మీరు నన్ను అనుకుంటున్నట్టే.

గోడ గడియారం

తర్వాత చాలా ఏళ్లకు కంపెనీ కాగితం తగ్గించాలని నిర్ణయించింది. ఏ బ్రాంచిలో ఎంతమంది ఈమెయిల్‌కీ ఫోన్‌కీ ఒప్పుకున్నారో వారం వారం పట్టిక వచ్చేది. మా బ్రాంచి ప్రతివారం అడుగునే ఉండేది. మీటింగుల్లో నా పేరు వచ్చినప్పుడల్లా మిగతా ఇన్‌చార్జిలు బల్లకేసి చూస్తూ నవ్వు ఆపుకునేవాళ్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

బైరకూరు వైపు ఒక ఊళ్లో మాకు నలభై ఒక్క పాలసీలు ఉండేవి. రాగి, కాస్త పట్టుగూళ్లు, ఇంటికి రెండు ఆవులు. ఇదీ ఆ ఊరు. ఆ ఊరికి నిజమైన ఆఫీసు పాల డైరీ. పొద్దున్నే అందరూ క్యాన్లతో వరుసలో నిలబడేవారు. సెక్రెటరీ నారాయణస్వామి పాలు కొలుస్తూ, ఎవరి కబురు వాళ్లకు చెప్పేవాడు. బ్యాంకు మెసేజి, పశువుల డాక్టరు వచ్చే రోజు, రేషన్ సంగతి, అన్నీ అతని ఫోనుకే వచ్చేవి. ఊళ్లో సగం మంది ఎవరు నంబరు అడిగినా అతని నంబరే చెప్పేవాళ్లు. పాలతో పాటు కబుర్లు కూడా అక్కడే కొలిచి పోసేవాడన్నమాట.

నేను ఒక ఉదయం ఆ డైరీ మెట్ల మీద నిలబడి, "ఫోను లేనివాళ్లు, చదవడం రానివాళ్లు సెక్రెటరీ నంబరు ఇస్తే సరిపోతుంది. నోటీసు వస్తే ఆయన చదివి చెబుతాడు" అన్నాను. ఊళ్లో ఉన్న పద్ధతే కదా, నాకు అందులో తప్పు తోచలేదు. ఇంత తేలికైన ఉపాయం ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని కూడా అనుకున్నాను.

వరుస చివర క్యాను చంకన పెట్టుకుని ఉన్న ఒకామె మాత్రం, "నంబరు ఆయప్పది, పాలసీ నాది. ఆయప్ప లేకపోతే ఎట్లమ్మా?" అంది.

"ఆయన యాడికి పోతాడమ్మా? డైరీని నెత్తిన పెట్టుకుని పోతాడా?" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆమె కూడా మొహమాటంగా నవ్వి వేలు చాపింది. వేలిముద్ర వేయించుకున్నాను. ఆమె పేరేమిటో అప్పుడు చూడలేదు.

గంటన్నరలో నలభై ఒక్క ఫారాలు. అన్నిటికీ ఆ ఒక్క నంబరే. నంబరు నేనే రాశాను, గడిలో టిక్కు నేనే పెట్టాను. ఆ వారం పట్టికలో మేమే మొదట ఉన్నాం. బహుమతిగా ఒక గోడ గడియారం ఇచ్చారు. దాన్ని నా కుర్చీకి ఎదురుగా మేకు కొట్టించి మరీ తగిలించాను.

సోమవారం

నేను రిటైరవడానికి మూడు నెలలుందనగా, ఒక సోమవారం ఆఫీసు తలుపు తీయగానే సరోజ అనే అమ్మాయి వచ్చింది. చేతిలో కవరు, కాళ్లకు దుమ్ము. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అమ్మ లక్ష్మమ్మ. బైరకూరు దిక్కు. గుండెలో వాల్వు పాడైపోయినాది మేడమ్. శనివారం ఆపరేషన్ అన్నారు. పాలసీ ఉండాది గదా అని కోలారు ఆస్పత్రిలో చేర్పించినాము. ఇప్పుడు చూస్తే పాలసీనే లేదంటాండారు."

కంప్యూటర్లో చూశాను. పాలసీ గడువు ముగిసి నలభై రోజులైంది. ఆలస్యంగా కట్టడానికి ఇచ్చే ముప్పై రోజులు కూడా దాటి పది రోజులు. మూడేళ్లు ఆగితేగాని పాత జబ్బులకు వర్తించదన్న షరతు ఆ ఇంటివాళ్లకు ఈ మధ్యే పూర్తయింది. ఇప్పుడు కొత్తగా తీసుకుంటే మళ్లీ మూడేళ్లు ఆగాలి. ఆమె గుండె శనివారం దాకా ఆగుతుందో లేదో తెలియదు.

"నోటీసు వచ్చి ఉంటుంది కదమ్మా" అన్నాను.

"ఏమీ రాలేదు మేడమ్. పోయిన ఏడాది పాలు పోసేటప్పుడు స్వామన్న చెప్పినాడంట, అమ్మ మరుదినమే వచ్చి కట్టేసె. ఈ తూరి ఎవురూ చెప్పలేదు. చెప్పుంటే అమ్మ ఊరికే ఉంటాదా?"

తెర మీద మూడు నోటీసులు కనిపిస్తున్నాయి. మూడిటి పక్కనా చేరినట్టు పచ్చటి గుర్తు. "మీ నంబరు చెప్పమ్మా" అన్నాను. ఆమె చెప్పిన నంబరు అందులో లేదు. బీరువాలోంచి పాత ఫారం తీయించాను. చివరి పేజీ తిప్పగానే నా రాత కనిపించింది. ఏడు అంకెకు అడ్డగీత పెట్టే అలవాటు మా ఆఫీసంతటికీ నాకొక్కదానికే ఉంది. ఆ నంబరులో రెండు ఏడులున్నాయి.

"ఏమైనా చెయ్యొచ్చునా మేడమ్?" అని సరోజ అడిగింది.

ఒక దారి ఉంది. నోటీసు చేరకపోవడం మా వైపు తప్పని రుజువైతే, ఆలస్యాన్ని మన్నించి పాత పాలసీని కొనసాగించే అధికారం పై ఆఫీసుకు ఉంది. ప్రీమియంతో పాటు గురువారం సాయంత్రానికి కాగితాలు పంపితే శుక్రవారం కమిటీ చూస్తుంది. ఇదంతా ఆమెకు చెప్పాను. ఆ రాత ఎవరిదో మాత్రం చెప్పలేదు.

వేమగల్ గేటు

నారాయణస్వామి ఇప్పుడు డైరీలో లేడని ఒక ఫోన్ కాల్‌తో తెలిసింది. ఎనిమిది నెలల క్రితం సంఘంలో గొడవై అతన్ని దింపేశారు. వేమగల్ దగ్గర ఫ్యాక్టరీలో లోడింగు పనికి వెళ్తున్నాడు. మంగళవారం సెలవు పెట్టి బస్సెక్కాను.

దారంతా మా నాన్నే గుర్తుకొచ్చాడు. ఆయన గనిలో పనిచేసేవాడు. దిగే ముందు ప్రతి మనిషీ బోర్డు మీద తన నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకుని వెళ్లాలి, పైకి వచ్చాక మళ్లీ తగిలించాలి. షిఫ్టు అయ్యాక ఖాళీగా ఉన్న మేకులు చూసి లోపల ఎవరు మిగిలారో లెక్క తెలుసుకునేవాళ్లు. అందుకే ఒకరి బిళ్ల ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒకసారి నాన్న, వెనకే వస్తున్నాడు కదా అని స్నేహితుడి బిళ్ల తానే తగిలించేశాడు. ఆ స్నేహితుడు ఏదో మరిచిపోయి మళ్లీ కిందికి వెళ్లాడు. ఏమీ కాలేదు, అరగంటలో వచ్చేశాడు. అయినా ఫోర్‌మన్ నాన్నను వారం రోజులు గేటులోకి రానివ్వలేదు. ఇంట్లో మేమంతా ఆ ఫోర్‌మన్‌ను తిట్టుకుంటుంటే నాన్న ఒక్కడే తిట్టలేదు. "ఆయప్ప చేసింది సరి. నేను చేసిందే తప్పు" అన్నాడు. నలభై ఒక్క మంది బిళ్లలు నా చేత్తో ఒకే మేకుకు తగిలించి, బహుమతి తీసుకుని ఇంటికి వచ్చాను నేను.

రెండు గంటలకు షిఫ్టు వదిలారు. జనంలో నారాయణస్వామిని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. డైరీలో ఎప్పుడూ తెల్ల చొక్కాలో ఉండే మనిషి, నీలం యూనిఫారంలో చిక్కిపోయినట్టు కనిపించాడు.

"నమస్కారం మేడమ్. ఇంత దూరం వచ్చినారే?"

"మా కంపెనీ మెసేజిలు నీకు వస్తున్నాయా స్వామీ? లక్ష్మమ్మ పేరు మీద?"

"దినానికి నూరు వస్తాయి. నాకేం గ్యాపకం లేదు" అని నడవడం మొదలుపెట్టాడు.

నేనూ పక్కనే నడిచాను. "ఆమె ఆస్పత్రిలో ఉంది. శనివారం గుండె ఆపరేషన్. పాలసీ ఆగిపోయింది."

అతను నిలబడిపోయాడు. "మా లక్ష్మక్కా?" అన్నాడు. టీ కొట్టు బెంచీ మీద కూలబడి ఫోను తీశాడు. కాసేపు వెతికి నా ముందు పెట్టాడు. మూడు నోటీసులూ ఉన్నాయి. మూడూ తెరిచి చదివినవే.

"చదివితి మేడమ్. అబద్ధం చెప్పను. చదివి ఇడిచిపెడితి."

"ఒక్క ఫోను చేసి చెబితే నీ సొమ్మేం పోయేది?"

"పదహైదేండ్లు వాళ్ల పాలు కొలిచినాను. ఒక్క మీటింగులో దింపేసినారు. ఇంగ వాళ్ల కబుర్లు నేనేంటికి మొయ్యాల అనుకుంటి. కొత్త సెక్రెటరీకి కూడా పోతుంటాయిలే అనుకుంటి."

నాకు ఒళ్లు మండిపోయింది. "నిన్ను నమ్మి నంబరు ఇచ్చారు వాళ్లు" అన్నాను.

అప్పుడతను తలెత్తాడు. అంతదాకా మీరు అన్నవాడు నువ్వులోకి దిగాడు. "నువ్వు నన్ను అడిగితివా మేడమ్? ఊర్ని అడిగితివి. నా నంబరు నలభై మందికి రాసుకుంటానని నన్ను ఒక్క మాట అడిగితివా? నేను పాలు కొలుస్తా ఉంటి, నువ్వు రాసుకుంటా ఉంటివి. ఈ మెసేజిలు ఇన్నేండ్లు మొయ్యాలని నాకు ఎవురు చెప్పినారు?"

ఆ గడి విషయంలో నేను అడగకుండా వదిలేసిన నలభై రెండో మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నేను టీ గ్లాసు వంక చూస్తూ, "ఇదంతా రాసిస్తావా?" అన్నాను.

"నేను రాసిస్తే రేపు ఊళ్లో తలెత్తుకుని తిరిగే పనుండాదా? నువ్వు ముందర రాయి. నీ తప్పు నువ్వు రాస్తే, దాని కింద నాది నేను రాస్తా."

సంచిలో పెన్ను ఉంది, తెల్ల కాగితాలూ ఉన్నాయి. "ఆఫీసులో రాసి చూపిస్తాను" అన్నాను. అతను నన్ను ఒక క్షణం చూసి, ఫోను జేబులో వేసుకుని లేచాడు. "అయితే నేనూ అప్పుడే రాస్తా" అని బస్సు వైపు వెళ్లిపోయాడు. ఉత్త చేతులతో తిరిగి వచ్చాను.

ఒక్క వాక్యం

బుధవారం కోలారులో మా డివిజనల్ మేనేజర్ హరినాథ్ గారిని కలిశాను. వయసులో నాకన్నా చిన్నవాడు, పనిమంతుడు, చెడ్డవాడు కాదు. ఫారం చూశాడు, తెర చూశాడు.

"సుగుణ గారూ, రికార్డు మనవైపే ఉంది. టిక్కు ఉంది, వేలిముద్ర ఉంది, మెసేజి చేరినట్టు కూడా ఉంది."

"ఆ నంబరు ఆమెది కాదు సార్."

"ఆ మాట ఫారంలో ఎక్కడైనా ఉందా?"

"లేదు."

"మరి కమిటీకి ఎవరు చెబుతారు?"

నేను అడ్డగీతలున్న ఆ ఏడుల మీద వేలు పెట్టి, ఇలాంటివి నలభై ఒకటి ఉన్నాయన్నాను. ఆయనకు అర్థమైంది. లేచి గది తలుపు వేసి వచ్చాడు.

"మీకు మూడు నెలలు సర్వీసు ఉంది. ఇలాంటివి నలభై ఒకటి ఉన్నాయంటున్నారు. మీరు నోరు విప్పితే అన్నీ బయటికి వస్తాయి. 'నంబరు మారిన విషయం పాలసీదారు మాకు తెలియజేయలేదు' అని ఒక్క వాక్యం రాయండి. మానవతా దృష్టితో చూడమని కింద నేను రాస్తాను. చేయగలిగింది అంతే."

అలాంటి కాగితాలు పైనుంచి ఎలా తిరిగి వస్తాయో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తప్పు పాలసీదారుదని మన చేతులతోనే రాసి పంపాక, మన్నించడానికి ఎవరికీ కారణం ఉండదు.

గురువారం మధ్యాహ్నం ఆ వాక్యం టైపు చేశాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ చేశాను. చేస్తూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెన్షన్ కాగితాలు, ముప్పై మూడేళ్ల మచ్చలేని పేరు, నిజంగానే ఆమె కూడా ఒకసారి కనుక్కోవచ్చు కదా... ఇలా ఏవేవో. సంతకం పెట్టబోతుండగా ఆస్పత్రి నుంచి సరోజ ఫోన్ చేసింది. బతిమాలుతుందనుకున్నాను, బతిమాల్లేదు.

"మేడమ్, అమ్మ మిమ్మల్ని ఒక మాట అడగమంటాంది. డైరీ కాడ ఆ పొద్దు, ఆయప్ప లేకపోతే ఎట్లా అని అమ్మ అడిగిందంట. మీరు నవ్వినారంట. గ్యాపకం ఉండాదా అని అడుగుతాంది."

క్యాను చంకన పెట్టుకున్న మనిషి కళ్ల ముందు నిలబడింది. ఆ ఊరంతటిలో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. రూలులో ఏముందో ఆమెకు తెలియదు. రూలు ఎందుకుందో మాత్రం నాకన్నా బాగా తెలుసు. నలుగురిలో ఆమెను నవ్వులపాలు చేసి వేలిముద్ర వేయించుకున్నది నేను.

"ఉందమ్మా. గుర్తుందని చెప్పు" అన్నాను.

ఆ వాక్యం కొట్టేశాను. తెల్ల కాగితం తీసి పెన్నుతోనే రాశాను. నంబరు నేను రాశాను, ఆమెది కాదని తెలిసి రాశాను. టిక్కు నేను పెట్టాను. ఆమె అడ్డుచెప్పింది, నేను వినలేదు. ఇలాంటివి ఇంకా నలభై ఉన్నాయి. సంతకం పెట్టి, ఫోటో తీసి నారాయణస్వామికి పంపాను. అరగంటలో అతని చేతిరాతతో ఒక పేజీ, మూడు నోటీసుల ఫోటోలు వచ్చాయి. పేజీ చివర, "లక్ష్మక్కకు నేను చెప్పకపోయింది తప్పు" అని రాసి, తేదీ కూడా వేశాడు.

హరినాథ్ ఫోన్లో నా ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. "ఆలోచించుకున్నారా?" అని మాత్రం అడిగాడు. ఒక్క అక్షరం మార్చకుండా పైకి పంపాడు. కింద తన మాటగా, "ఇది మా తప్పు, పాలసీదారు తప్పు కాదు" అని రాశాడు. పై అధికారుల గురించి చాలామంది చాలా చెబుతారు. ఆ రోజు ఆయన ఆ మాట రాయకుండా ఉండవచ్చు, రాశాడు. అది మీరు గుర్తుపెట్టుకోండి.

శుక్రవారం

పన్నెండుకు కమిటీ అన్నారు. ఒంటిగంటకు ఏమీ లేదు. రెండుకు ఆస్పత్రి బీమా కౌంటర్ నుంచి ఫోన్. నాలుగులోపు పాలసీ కాపీ రాకపోతే శనివారం జాబితాలోంచి పేరు తీసేస్తామన్నారు. తీసేస్తే మళ్లీ ఎప్పుడో వాళ్లకే తెలియదు. సరోజ ఆస్పత్రి వరండాలో, నేను ఆఫీసులో. ఇద్దరం ఒకరికొకరం ఫోన్ చేసుకోవడం మానేశాం, లైను ఎంగేజ్ అవుతుందని భయం.

ఎదురుగా గోడ మీద నా బహుమతి గడియారం. ఎటు చూసినా కళ్లు దాని మీదే పడ్డాయి. మూడున్నరకు అటెండరును పిలిచి దాన్ని దింపించేశాను. అతనికేమీ అర్థం కాలేదు, దులిపి బీరువా మీద పెట్టాడు.

మూడు నలభైకి జవాబు వచ్చింది. ఆలస్యం మన్నించారు, పాలసీ కొనసాగుతుంది. పక్క సీటు అమ్మాయి కాపీ ఆస్పత్రికి పంపింది. నేను సరోజకు ఫోన్ చేసి, "వచ్చేసిందమ్మా" అన్నాను. అవతల ఏడుపు వినిపించింది. నేను కూడా ఏడ్చాను. ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను.

శనివారం లక్ష్మమ్మకు ఆపరేషన్ జరిగింది. బతికింది.

నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, ఫైలులో హెచ్చరిక చేరింది. వీడ్కోలు సభలో శాలువా కప్పారు, ప్రసంగాలు కాస్త పొట్టిగా ముగిశాయి. అది న్యాయమే. అంతకు ముందే, మిగిలిన నలభై ఇళ్లకూ కొత్త ఫారాలతో నేనే తిరిగాను. ముప్పై ఎనిమిది పాలసీలు నిలబడ్డాయి. రెండు మాత్రం ఎప్పుడో ఆగిపోయి, బాగుచేసే గడువు కూడా దాటిపోయాయి. అందులో ఒకాయన నన్ను తిడతాడని సిద్ధపడి వెళ్లాను. "పోనీలేమ్మా, నువ్వు మాత్రం తెలిసి చేసినావా" అని మజ్జిగ ఇచ్చాడు. తెలిసే చేశానని ఆయనకు చెప్పాను. ఆయన నమ్మలేదు.

లక్ష్మమ్మ ఇంట్లో

చివరికి ఆమె ఇల్లు. ఆపరేషన్ అయి రెండు నెలలైంది. అరుగు మీద కూర్చుని చింతపండు ఒలుస్తోంది. సరోజ నాకు పీట వేసింది.

దొరై సారు చేసినట్టే చేశాను. మొదటి పేజీ చదివాను. ఆమెతో చెప్పించాను. ఒక్క చోట తప్పింది, మళ్లీ చదివాను. అప్పుడు గడి చూపించి అడిగాను. "నోటీసులు సరోజ ఫోనుకు పంపితే చాలునా, కాగితం పంపాల్నా?"

"మీరేమంటారు?"

"నేనేమీ అనను. నువ్వే చెప్పాల."

ఆమె చింతపండు పక్కన పెట్టింది. కూతురి వంక చూసింది. సరోజ ఏదో చెప్పబోతే చేత్తో ఆగమంది. చాలాసేపు ఆలోచించింది. ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు అంతసేపు ఆలోచించిన మనిషిని నేను చూడలేదు. ఆలోచించేంత సమయం నేను ఎవరికీ ఇవ్వలేదు.

"వద్దమ్మా" అంది. "దీని ఫోను దీంది. పెండ్లయి రేపు ఇంకో ఊరికి పోతాది. కాయితమే పంపండి, నా పేరుతో, నా ఇంటికి." అని నా మొహంలోకి చూసింది, కోపం వచ్చిందేమోనని.

నేను పెన్ను ఆమె చేతికిచ్చాను. వద్దు అని ఉన్న గడి ఏదో వేలితో చూపించాను. వేలిముద్ర తప్ప ఎప్పుడూ ఏమీ పెట్టని మనిషి. పెన్ను గుప్పిటతో పట్టుకుని, గట్టిగా నొక్కి, అడ్డంగా ఒక గీత గీసింది. కింది కాగితం మీద కూడా అచ్చు పడింది. ఆ గడుల్లో నాది కాని చెయ్యి ఒకటి పడగా చూడడం నాకు అదే మొదటిసారి.